పిల్లల పేర్లతో వెతికిన అన్న

ఇందులో ఎవరి పేరూ రాయను. మా అన్న ఇంట్లో ఇప్పటికీ పొయ్యి వెలుగుతున్నది ఇంకొకాయన పేరు మీద. ఆ పేరు బయటపెట్టే హక్కు నాకు లేదు. పోనీ అన్న సొంత పేరు రాద్దామా అంటే, ఆ పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇప్పుడు ఒక్కరూ మిగల్లేదు. నేను ఎట్లాగూ అన్నా అనే పిలుస్తాను.

మాది సుల్తానాబాద్ దగ్గరి ఒక పల్లె. బావి కింద వరి పండేది కాబట్టి ఇంట్లో తిండికి లోటు లేదు, కోపానికి అసలే లేదు. మా బాపు మాటకు ముందు చెయ్యి లేపే మనిషి. అన్న అచ్చం బాపు పోలిక. నేనూ ఆ ఇంట్లో పుట్టినదాన్నే కాబట్టి నా సంగతి వేరే చెప్పే పని లేదు. మా ముగ్గురి మధ్య మా అవ్వ, అంటే కన్నతల్లి, ఒక్కతే నెమ్మదిగా మాట్లాడేది, ఆ నెమ్మదితోనే మమ్మల్ని కాచుకొచ్చింది.

1969లో తెలంగాణ ఉద్యమం నడుస్తూ బడులు మూతబడ్డాయి. అన్నకు ఆ ఏడు చదువు పోయింది. సుల్తానాబాద్‌లో ఊరేగింపు అంటే చాలు, వెళ్లి ముందువరుసలో నిలబడేవాడు. బాపుకు అది గిట్టలేదు. "బడి లేకుంటె నాగలున్నది, పట్టు" అన్నాడు. అన్న పట్టలేదు. ఒకరోజు కళ్లంలో కూలివాళ్లందరూ చూస్తుండగా బాపు అన్న చెంప మీద కొట్టాడు. అన్న కూడా ఏదో మాట విసిరాడు. దానికి బాపు, "ఇగ నా గడప తొక్కితె నా పీనుగ మీద తొక్కినట్టే" అన్నాడు. అట్లాంటి మాటలు మా ఇంట్లో నెలకొకసారి వినబడేవే. మామూలుగా పొద్దుగూకేసరికి అవ్వ ఇద్దరికీ ఒకే చోట అన్నం పెట్టి మాట కలిపేది. ఆ రోజు అన్నం దగ్గరికి అన్న రాలేదు.

నేను అప్పుడు పలక పట్టే వయసుదాన్ని. బాపు మొదట్లో పట్టించుకోనట్టు తిరిగాడు. తర్వాత పెద్దపల్లి, కరీంనగర్, పట్నం కూడా పోయి వెతికాడు. వెతికిన సంగతి మాకు చెప్పేవాడు కాదు, ఎరువుల కోసం పోయానని చెప్పేవాడు. ఎరువులు ఇంటికి వచ్చేవి కావు. ఎమర్జెన్సీ రోజుల్లో ఒక పొద్దున బాపు మోట దగ్గరే గుండె ఆగి పడిపోయాడు. పెద్దకొడుకు లేకపోతే చిన్నబాపు కొడుకు తలకొరివి పెట్టాడు.

అవ్వకు ఒక విద్య ఉండేది. కొత్త మనిషి ఎదురైతే వరుస కలపనిదే వదిలేది కాదు. గాజులమ్మే ఆమె కావచ్చు, బస్సు కండక్టర్ కావచ్చు. "మీదే ఊరు బిడ్డా? మీ అవ్వగారిదే ఊరు? గా ఊర్ల మా మేనత్త ఆడిబిడ్డనిచ్చినం" అని మొదలుపెట్టి ఎక్కడెక్కడో తిప్పి, చివరికి ఆ మనిషిని అల్లుణ్ణో మనవరాలినో చేసేది. అంతా అయ్యాక గొంతు తగ్గించి, "మా పెద్దపిలగాడు గిట్ల అటు దిక్కు ఏమన్న కనవడ్డడా?" అని అడిగేది. నాకు సిగ్గనిపించి కొంగు పట్టి లాగేదాన్ని.

నేను కరీంనగర్‌లో డిగ్రీ చేశాను, తర్వాత కంప్యూటర్ కోర్సు నేర్చుకున్నాను. బొగ్గుబాయిల కంపెనీలో వర్క్‌షాపులో పనిచేసే ఆయనతో పెళ్లయింది. తొంభైలు మొదలయ్యే రోజుల్లో అదే కంపెనీ ఆఫీసులో, కంప్యూటర్ సెక్షన్‌లో నాకూ ఉద్యోగం వచ్చింది. మాది గోదావరికి ఇవతలి ఒడ్డు, కరీంనగర్ జిల్లా వైపు టౌన్‌షిప్పు. బయట రోళ్లు పగిలే ఎండ, మేము లోపల చెప్పులు విడిచి, స్వెట్టర్లు వేసుకుని కూర్చునేవాళ్లం. మిషన్లకు చల్లదనం కావాలట. మనుషులకు బాయిలో గాలి ఆడదు, మిషన్లకేమో ఏసీ అని మా ఇంటాయన దెప్పేవాడు. అందులో నా తప్పేమున్నదని నేనూ ఊరుకునేదాన్ని కాదు.

ఊరు విడిచి పెళ్లయి వచ్చేటప్పుడే అవ్వను నాతో తెచ్చుకున్నాను. మా క్వార్టర్‌కు వచ్చాక కూడా ఆమె వరుసలు కలపడం ఆపలేదు, వీధివీధంతా చుట్టాలైపోయారు. ఒకసారి మా ఊరి గాజులామె వచ్చి ఒక మాట చెప్పింది. గోదావరి అవతల, ఆదిలాబాద్ జిల్లా బొగ్గుబాయిల దగ్గర అంగట్లో మా అన్నలాంటి మనిషిని చూసిందట. కాళ్లకు బాయి డ్యూటీ బూట్లు ఉన్నాయట. పేరు పెట్టి పిలిస్తే ఒక్కసారి తిరిగి చూసి, గబగబా గుంపులో కలిసిపోయాడట.

మర్నాడే ఆఫీసులో అన్న పేరు కొట్టి చూశాను. ఆ పేరున్నవాళ్లు బోలెడంతమంది వచ్చారు. తండ్రి పేరు దగ్గర మా బాపు పేరున్న రికార్డు ఒక్కటీ లేదు. అప్పుడు నాకు అర్థమైంది, అన్న మారుపేరు మీద ఉన్నాడు.

బొగ్గుబాయిల దగ్గర బతికినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కరలేదు, తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. వెనుకటి రోజుల్లో ఒకాయనకు బాయిలో నౌకరి వచ్చేది. మొదటిరోజు లోపలికి దిగి, ఆ చీకటి, ఆ నీళ్లు, పైకప్పు చప్పుడు చూసి, "నా పాణం పోతె నౌకరేం జేసుకోను" అని పైకి వచ్చేసేవాడు. ఆ కాయితం ఇంకొకడి చేతికి వచ్చేది. మర్నాటి నుంచి ఆ రెండోవాడు మొదటివాడి పేరుతో దిగేవాడు. కాయితంలో ఉన్న పేరు, తండ్రి, ఊరు అన్నీ ఇతనివైపోయేవి. ఇట్లా ఎంతోమంది బతికారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. గిట్టనివాడెవడో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే మాత్రం ఎంక్వైరీ వచ్చేది. నౌకరి పోయిన ఇళ్లను నేను కళ్లారా చూశాను.

అందుకే గాజులామె పిలిస్తే అన్న పారిపోయాడు. సంగతి అర్థమైంది కానీ ఏం చేయాలో తోచలేదు. ఒక మనిషిని అతని పేరుతో కాకపోతే దేనితో వెతకాలి?

ఆ ఎండాకాలమే అవ్వ మంచం పట్టింది. చక్కెర వ్యాధి ముందే కళ్లను తినేసింది, వెలుతురూ నీడా తప్ప ఏమీ కనబడేది కాదు. ఇప్పుడు కిడ్నీలు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంట్లోనే ఉంచుకొమ్మన్నాడు. తెలివి మాత్రం చురకత్తే. నా అడుగుల చప్పుడు విని నాకెంత కోపంగా ఉందో చెప్పేది. ఒకనాడు నా చెయ్యి పట్టుకుని, "బిడ్డా, నన్ను ఇంకేం మందులకు తిప్పకు. పెద్దోన్ని ఒక్కసారి నా చేతుల వెట్టు. కండ్లు లేకున్న మంచిదే, పట్టుకొని చూస్త" అన్నది. ఆమె నోరు తెరిచి నన్ను అడిగింది జీవితంలో అదొక్కటే.

నాకు ఆలోచన వచ్చింది కూడా అవ్వ వల్లనే. పక్కింటి అక్కకు మనవరాలు పుడితే పేరు పెట్టే మాట వచ్చింది. అవ్వ పడుకునే, "మా ఇండ్లల్ల మొదటి ఆడిపిల్లకు బాపమ్మ పేరే. మొగపిల్లగానికి సచ్చిపోయిన తాత పేరు. గది తప్పద్దు" అన్నది. బాపమ్మ అంటే మా బాపు తల్లి. నేను బియ్యం చెరుగుతున్న చేట అక్కడే పెట్టేశాను. నౌకరి కోసం తన పేరు మార్చుకున్నవాడు పిల్లల పేర్లు కూడా మార్చుకుంటాడా? వాళ్ల పేర్లు పెట్టేటప్పుడు ఏ కంపెనీ అడ్డం వచ్చింది?

మా కంప్యూటర్‌లో రెండు టేబుళ్లు, అంటే పట్టికలు, ఉండేవి. ఒకదాంట్లో కార్మికులు, ఇంకోదాంట్లో వాళ్ల కుటుంబసభ్యులు. ఈ రెంటినీ కలిపేది కార్మికుడి నంబరు. నేను కుటుంబాల టేబుల్ తీసుకుని, పేరు బాపమ్మది అయి ఉండాలి, పేరు బాపుది అయి ఉండాలి అని క్వెరీ రాశాను. సున్నా. మళ్లీ రాశాను. సున్నా. "నీ పాడుగాను, సచ్చినదానా" అని మిషన్‌ను తిట్టాను. గట్టిగానే తిట్టినట్టున్నాను, మా సారు లేచి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి, మెత్తగా మాట్లాడేవాడు.

తెర చూసి నవ్వాడు. "ఏమ్మా, ఒకే మనిషికి రెండు పేర్లు ఉండాలని అడుగుతున్నావు. ఒక మనిషికి రెండు పేర్లెలా ఉంటాయి?"

ఈ బొగ్గుబాయిల నేల మీద కూర్చుని ఆయన ఆ మాట అంటుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడుపే వచ్చింది. ఆయన కంగారుపడి కుర్చీ లాక్కున్నాడు. అన్న తప్పిపోయాడని, అవ్వ చివరి దశలో ఉందని చెప్పాను. మిగతాది ఆయనే ఊహించుకున్నాడు.

"అన్నాచెల్లెళ్లయిన ఆ పిల్లలిద్దరికీ నేరుగా లంకె లేదమ్మా. తండ్రి ద్వారానే ఉంది. అదే టేబుల్‌ని రెండుసార్లు తీసుకో, రెండు వేర్వేరు టేబుళ్లనుకో. మొదటిదాంట్లో అమ్మాయి పేరు, రెండోదాంట్లో అబ్బాయి పేరు. రెంటిలోనూ కార్మికుడి నంబరు ఒకటే కావాలని చెప్పు. ఆ నంబరు పట్టుకుని మనిషి దగ్గరికి వెళ్లు" అన్నాడు. వెళ్లబోతూ ఆగి, "ప్రింటు తీయకు. చూసి మూసెయ్" అన్నాడు.

ఆయన చెప్పింది మా అవ్వ రోజూ చేసే పనే. తెలియని మనిషిని తెలిసిన ఇద్దరి మీదుగా చుట్టుతిరిగి పట్టుకోవడం. రాసి నొక్కాను. కొన్ని రికార్డులు వచ్చాయి. బాపమ్మది ఊరూరా ఉండే అమ్మవారి పేరు, అందుకని ఆశ్చర్యపోలేదు. అబ్బాయి పుట్టిన సంవత్సరాలు చూసుకుంటూ పోయాను. బాపు బతికుండగా బాపు పేరు ఎవరూ పెట్టరు, కాబట్టి ఆయన పోయాక పుట్టిన పిల్లవాడే కావాలి. అట్లా ఏరితే ఒక్క రికార్డు మిగిలింది. అవతలి ఒడ్డు బాయి. కార్మికుడి పేరు, అతని తండ్రి పేరు ఎవరివో, ఊరు లక్సెట్టిపేట దిక్కు. కొడుకు ఎమర్జెన్సీ తర్వాత పుట్టాడు.

సంతోషం వచ్చింది, కానీ వచ్చినంతసేపు కూడా నిలవలేదు. కొడుక్కు బాపు పేరు పెట్టాడంటే, బాపు పోయాడని అన్నకు తెలుసు. తెలిసీ రాలేదు. ఇన్నేళ్లూ మేము, పాపం వాడికి కబురు అందలేదు, అందితే పరుగెత్తుకొచ్చేవాడు అని చెప్పుకుని బతికాం. ఆ ఒక్క ఓదార్పు కూడా ఆ తెర మీద పోయింది. స్వెట్టర్ చేతులతో కళ్లు తుడుచుకుని మిషన్ ఆపేశాను.

ఆదివారం ప్యాసింజర్ ఎక్కి గోదావరి దాటాను. క్వార్టర్ నంబరు అడుగుతూ పోతే ఒక పిల్ల తలుపు తీసింది. ముక్కు, నుదురు మా బాపమ్మవే. నేను ఎవరో చెప్పకుండానే గడప లోపలికి అడుగుపెట్టాను. లోపలి నుంచి వదిన వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, తలుపు వేసేసింది. నన్ను లోపల ఉంచే వేసింది.

అన్న మొదటి షిఫ్టు దిగి వచ్చాడు. లావయ్యాడు, నెత్తి నెరిసింది, కనురెప్పల అంచుల్లో బొగ్గు కాటుకలాగా మిగిలి ఉంది. వాకిట్లో ఎవరో ఆయన్ను ఆ ఇంకొక పేరుతో పిలిస్తే, "ఆఁ, వస్తున్న" అని పలికాడు. నన్ను చూసి అక్కడే నిలబడిపోయాడు.

"చెల్లె? ఎట్ల దొరికిన నీకు?"

"నీ బిడ్డ పేరు, నీ కొడుకు పేరు వెట్టి మిషిన్ల దేవులాడిన."

ఆయన ముఖం మాడిపోయింది. "గట్ల ఎవలు వడితె వాళ్లు దేవులాడొచ్చా?"

"ఎవలు వడితె వాళ్లకు మన బాపమ్మ పేరు ఏం తెలుసు? ఫికర్ వెట్టుకోకు" అన్నాను. ఆ తర్వాత నా నోరు ఆగలేదు. "బాపు పోయిండని నీకెరికేనా?"

"ఎరికే."

"మరి ఎందుకు రాలే? మనిషివేనా నువ్వు? అవ్వ వాకిట్ల కూసొని తొవ్వ జూసింది. చిన్నబాపు కొడుకు కొరివి వట్టిండు. నువ్వు సచ్చినవా బతికినవా తెల్వక మేం పరేషానైతుంటె, నువ్వు ఈడ పేరు మార్చుకొని సంసారం జేస్తున్నవా?"

వదిన నీళ్లు తెచ్చి మధ్యలో పెట్టింది. అన్న తల ఎత్తలేదు.

"వచ్చిన చెల్లె. ఊరి బయట వాగు మీది మోరీ దాక వచ్చిన. మనూరికి అల్లునిగ వచ్చినాయన ఒకాయన నా బాయిల్నే పనిజేస్తడు. నేను వానికి ఈ పేరుతోటే ఎరుక. వాడు గూడ కట్టె కాడికి పోతుండు. నేను బాపూ అని ఏడిస్తె, తెల్లారి వానికేం జెప్పాలె? కాయితంల మా నాయిన గప్పుడు బతికే ఉండె. మోరీ మీద కూసొని, పొగ లేసేదాక జూసి మర్రొచ్చిన."

వదిన పెట్టిన నీళ్లు ఆయన ముందుకు జరిపాను. అన్నే మళ్లీ మొదలుపెట్టాడు.

"తర్వాత గా కాయితపు నాయిన పోయిండు. ఎట్లనో కబురు తెల్సి, బాయోళ్లందరు పరామర్శకని ఇంటికొచ్చిన్రు. ఇగ జేసేదేమున్నది, నెత్తి గీయించుకున్న. ఎన్నడు మొకం సూడని ముసలాయనకు గుండు గీయించుకున్న చెల్లె. మన బాపుకు గీయించుకోలే. వాళ్ల ముంగట మస్తు ఏడ్చిన. ఎంత మంచి కొడుకు అన్నరు అందరు. ఎవల కోసం ఏడ్చిన్నో నాకెరుక."

అప్పుడు నేనూ ఏడ్చాను. మా ఇంట్లో కోపాలన్నీ చివరికి అట్లాగే అయ్యేవి. అవ్వ సంగతి చెప్పాను. వచ్చే వారం సెలవురోజు వస్తానన్నాడు. "ఒంటిగనే వస్త. పిల్లలను తర్వాత తెస్త" అన్నాడు.

ఇంటికి వచ్చాక అవ్వకు చెబుదామని నోటిదాకా వచ్చి ఆగాను. చెప్పాక ఆయన భయపడి రాకపోతే? ఆ దెబ్బ ఆమె తట్టుకోదు. అదే రోజుల్లో పక్కింటి అక్క నన్ను వంటింటి గుమ్మం దగ్గర ఆపింది. మంచి మనిషి, మా అవ్వకు నేను లేనప్పుడు జావ తాపేది ఆమే. "చెల్లె, ముసలమ్మ పాణం కొడుకు మీదనే కొట్టుకుంటున్నది. కండ్లా కనవడయి. ఎవల్నన్న మంచి పిలగాన్ని తోల్కొచ్చి, గిదే నీ కొడుకు అని జెప్పరాదు? నిమ్మళంగ పోతది" అన్నది. "ఛీ, గదేం మాట అక్కా" అని కసిరాను. గోడకు తిరిగి పడుకున్న అవ్వ నిద్రపోతున్నదనే అనుకున్నాను.

అన్న అన్నమాట ప్రకారం వచ్చాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు, చేతిలో బత్తాయిల సంచి. వచ్చేసరికి పక్కింటి అక్క అవ్వ మంచం పక్కనే ఉంది. ఆమెను ఎట్లా పంపాలా అని నేను చూస్తుండగానే, అవ్వ తల తిప్పి, "ఎవలు బిడ్డా వచ్చింది?" అని అడిగింది.

అన్న తన కంపెనీ కాయితంలో ఉన్న పేరు చెప్పాడు.

అక్క ఉన్నదన్న భయమా అంటే, అది కూడా కాదు. ఇరవై ఏళ్లకు పైగా రోజూ హాజరేసే మస్టర్ దగ్గర, బ్యాంకులో, దవాఖానాలో, ఎవలు అని అడిగిన ప్రతిచోటా చెప్పిన పేరు. నోటికి అదే వచ్చింది. చెప్పాక ఆయనే బిత్తరపోయి నా వంక చూశాడు. "అక్కా, పొయ్యి మీద పాలేమన్న పొంగుతున్నయేమో" అని ఆమెను పంపించేశాను.

అన్న కింద కూర్చుని అవ్వ పాదాలు పట్టుకున్నాడు. "అవ్వా, నేనే. పెద్దోన్ని" అన్నాడు. అవ్వ మెల్లగా చెయ్యి చాపి ఆయన తల తడిమింది, చెవులు తడిమింది. "వచ్చినవా కొడుకా" అన్నది.

అన్న చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాడు. మోచేతి దగ్గర కోడె పొడిచిన మచ్చ ఉంటే ఆమె వేళ్లు దాని మీద పెట్టించాడు. కళ్లంలో బాపు కొట్టిన సంగతి చెప్పి, "మాట మీద పోయిన అవ్వా, తప్పయింది" అన్నాడు. అవ్వ అన్నిటికీ ఊ కొట్టింది. "తిన్నవా?" అని అడిగింది. ఆయన చేతి జావ తాగింది. సాయంత్రం బండికి ఆయన వెళ్తుంటే, "పైలంగ పో బిడ్డా, రెక్కల కష్టం జేసేటోనివి" అన్నది. నేను స్టేషన్ దాకా పోయి వచ్చాను. దారిపొడవునా నా కాళ్లు నేల మీద లేవు. చిన్నప్పటి నుంచి మోస్తున్న బరువు దిగిపోయిందనుకున్నాను.

వచ్చి అవ్వ పక్కన కూర్చున్నాను. ఆమె నా చెయ్యి నిమిరింది.

"మంచి పిలగాడు. ఎవలు గన్నరో గని, తల్లికి ఏం లోటు జేయడు. బువ్వ వెట్టి పంపినవా?"

నాకు మొదట అర్థం కాలేదు. "ఎవలు గన్నుడేందే? నువ్వే గన్నవ్. వాడు అన్నే."

"ఉండనియ్యి బిడ్డా. నువ్వు, గా పక్కింటామె మాట్లాడుకున్నది ఇన్న. నా మంచికే జేసిన్రు. నాకేం కోపం లేదు. గా పిలగాడు గూడ ఎంత మనసుతోటి ఏడ్చిండు. ఒకలి తల్లి కోసం అట్ల ఎవలేడుస్తరు?"

నేను కాళ్లా వేళ్లా పడ్డాను. మచ్చ చూశావు కదా అంటే, "బాయి పనోని పెయ్యంత మచ్చలే" అన్నది. కళ్లంలో మాట ఎట్లా తెలుసంటే, "నువ్వు జెప్పినవ్" అన్నది. బిడ్డకు బాపమ్మ పేరు, కొడుకుకు బాపు పేరు పెట్టుకున్నాడని చెప్పాను. మిషన్లో ఎట్లా దొరికాడో మొత్తం చెప్పాను. ఓపికగా విన్నది. "గా పేర్లు ఊరికి నలుగురికుంటయి" అన్నది. చివరికి నా పిల్లల మీద ఒట్టు పెట్టబోతే నోటి మీద చెయ్యి పెట్టింది. "పిల్లలు గలదానివి, ఒట్టు వెయ్యకు. నా కొడుకైతె, ఎవలు అని నేనడిగితె నేనే అవ్వా అంటుండె. తల్లి ముంగట ఇంకోని పేరు జెప్పుకుంటడా?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. మారుపేరు సంగతి చెప్పాను కూడా. ఆమె మెల్లగా నవ్వి, "మంచి కథ జెప్పినవ్ బిడ్డా" అని గోడకు తిరిగింది. నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నెత్తి గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మళ్లీ సెలవురోజుకు వదినను, పిల్లలను తెమ్మని అన్నకు కబురు పంపాను. బాపమ్మ ముఖమున్న ఆ పిల్లను అవ్వ చేతులకు అందిస్తే, వేళ్లతో తడిమి పోల్చుకుంటుందని ఆశపడ్డాను. ఆ సెలవురోజు రాకముందే అవ్వ పోయింది. పోయేముందు రోజు కూడా, పాలు పోసే ఆయన చప్పుడు విని, "మా పెద్దపిలగాడు ఏమన్న కనవడ్డడా కొడుకా?" అని అడిగింది.

గోదావరి ఒడ్డుకు తీసుకుపోయాం. చిన్నబాపు కొడుకే మళ్లీ కొరివి పట్టాడు. మా ఊరివాళ్లు వచ్చారు, అన్న బాయిలో పనిచేసే ఆ ఊరి అల్లుడు కూడా వచ్చాడు. అన్న మా ఇంటాయన పక్కన, ఆఫీసువాళ్ల గుంపులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కట్టె అంటుకున్నాక అందరూ నీళ్లలోకి దిగారు. నేను తడిబట్టలతో ఒడ్డున నిలబడి ఉంటే నా దగ్గరికి వచ్చాడు.

"ఆనాడు నేను పోయినంక అవ్వ ఏమన్న అన్నదా?"

"మంచి పిలగాడు అన్నది."

"అన్నదా?"

"అన్నది. బువ్వ వెట్టి పంపినవా అని గూడ అడిగింది."

అన్న తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. మా చిన్నమ్మ అటే చూస్తూ నా దగ్గరికి జరిగింది. "ఎవలే ఆయన? మనోళ్లకంటె ఎక్కువ ఏడుస్తుండు" అని అడిగింది.

ఊరి అల్లుడు రెండడుగుల దూరంలో నిలబడి ధోవతి పిండుకుంటున్నాడు. మా ఇంటాయన దోస్తు అని చెప్పి, నేను కూడా అన్న కాయితపు పేరే చెప్పాను.